బోరు అన్నందుకు కోర్టుకెక్కిన నటుడు: విలియం రోచ్ సీరియల్ జీవితం

1991 చివర్లో లండన్‌లో ఒక విచిత్రమైన పరువు నష్టం దావా విచారణకు వచ్చింది. దావా వేసింది విలియం రోచ్. బ్రిటన్‌లో ఐటీవీ ప్రసారం చేసే 'కొరొనేషన్ స్ట్రీట్' సీరియల్లో కెన్ బార్లో పాత్రధారి. ఎదుటి పక్షం 'ది సన్' పత్రిక. అంతకు ముందు ఏడాది ఆ పత్రిక ఒక వ్యాసం వేసింది. కెన్ బార్లో ఎంత బోరో ఆ వేషం వేసే మనిషీ అంతే బోరు, తోటి నటీనటులకు ఆయనంటే పడదు అన్నది దాని సారాంశం. జ్యూరీ రోచ్ వైపే మొగ్గింది. 50,000 పౌండ్లు చెల్లించమంది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 1999లో, రోచ్ దివాలా తీశారు.

గెలిచిన కేసు మనిషిని ఎలా ముంచిందన్న లెక్క కొంచెం ఆగి చూడాలి. ముందు ఆ 'బోరు' అన్న మాట సంగతి. ఆయన వృత్తి మొత్తం నిలబడింది దాని మీదే. 1960 డిసెంబరు 9న మొదలైన సీరియల్లో మొదటి ఎపిసోడ్ నుంచి ఉన్న నటుడాయన. తొంభై ఏళ్లు దాటాక కూడా అదే వేషం వేస్తున్నారు. ఎన్ని రకాల పాత్రలు వేశారు, ఎన్ని ఊళ్లలో కటౌట్లు లేచాయి అనే సినిమా లెక్కలు తీస్తే రోచ్ మామూలు నటుడు. సీరియల్ లెక్క వేరు. రోజూ మన ఇంట్లోకి వచ్చే మనిషి రోజూ మెరిసిపోతే విసుగొస్తుంది. చుట్టుపక్కల వాళ్ల గొడవలన్నీ తెచ్చి కట్టేయడానికి మధ్యలో కదలని గుంజ ఒకటి కావాలి. కెన్ బార్లో ఆ గుంజ. గుంజ గురించి ఎవరూ కథలు చెప్పుకోరు, కానీ అది ఊడితే పందిరి కూలుతుంది.

రోచ్ పుట్టింది 1932 ఏప్రిల్ 25న. పెరిగింది డెర్బీషైర్‌లోని ఇల్కెస్టన్‌లో. తండ్రి డాక్టరు, కొడుకూ ఆ దారినే పోతాడనుకున్నారు. చదువు ఉత్తర వేల్స్‌లోని రైడల్ స్కూల్లో. ఆ తర్వాత రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్ అనే సైనిక పటాలంలో చేరి, గల్ఫ్ ప్రాంతంలో ట్రూషియల్ ఒమన్ స్కౌట్స్‌తో కూడా పనిచేసి, కెప్టెన్ హోదాలో 1956లో బయటికి వచ్చారు. సైన్యంలో ఉండగా ఒక మోర్టారు పేలుడులో వినికిడి దెబ్బతింది. నటుడికి ఇది చిన్న నష్టం కాదు. ఎదుటివాడి ఆఖరి మాట చెవిన పడితేనే తన మాట మొదలు పెట్టాలి కదా.

సైన్యం వదిలాక నాలుగేళ్లు చిన్నా చితకా వేషాలు, సినిమాల్లో కనబడీ కనబడని పాత్రలు. అప్పుడు మాంచెస్టర్‌లోని గ్రనాడా టెలివిజన్ తీసిన ఒక నాటకంలో ముఖ్య పాత్ర దొరికింది. అదే సంస్థలో టోనీ వారెన్ అనే 24 ఏళ్ల కుర్రాడు కార్మికుల వీధి మీద ఒక సీరియల్ రాస్తున్నాడు. రోచ్‌ని చూసి, కెన్ దొరికాడు అనుకున్నాడు. రోచ్ మాత్రం మొదట వద్దన్నారు. మనసంతా లండన్ మీద, సినిమాల మీద ఉంది. సంస్థ అనుమతి ఇచ్చిందే 13 ఎపిసోడ్లకు కాబట్టి కొద్ది వారాల పనే అని ఒప్పుకున్నారు. సీరియల్‌కు అప్పటి పేరు 'ఫ్లోరిజెల్ స్ట్రీట్'. ఫినాయిల్ పేరులా ఉందని మార్చేశారు.

సాసు సీసా

ఆ మొదటి ఎపిసోడ్‌లో కెన్ ఇంటి సీను ఒకటుంది. ఇరుకైన ఇల్లు, భోజనాల బల్ల, బల్ల మీద సాసు సీసా. తండ్రి ఫ్రాంక్ తపాలా శాఖ ఉద్యోగి. తల్లి ఐడా ఒక హోటల్లో పనిమనిషి. కెన్ ఆ వీధిలోంచి యూనివర్సిటీ మెట్లెక్కిన కుర్రాడు. అన్నం బల్ల మీద సాసు సీసా పెట్టడం అతనికి నామోషీ. నోటితో అనడు, ముఖంలో కనిపిస్తుంది. తండ్రి పట్టేస్తాడు. కెన్ తన స్నేహితురాలు సూసన్‌ని కలుసుకోవాలనుకున్నది, తల్లి పనిచేసే ఆ హోటల్లోనే. తల్లి వంటింట్లో చాకిరీ చేసేచోట కొడుకు దొరబాబులా కూర్చుంటాడా అని తండ్రి మండిపడతాడు. చివరికి ఆ అమ్మాయే ఇంటికొస్తుంది. అప్పుడు తమ్ముడు డేవిడ్ నట్టింట్లో సైకిల్ బాగు చేస్తుంటాడు. కెన్‌కి నేల చీలితే బాగుండుననిపిస్తుంది.

హాస్టల్ నుంచి స్నేహితుల్ని ఇంటికి తెచ్చినప్పుడు వరండాలో నాన్న గళ్ల లుంగీతో కూర్చుని ఉంటే గుండె జారిన తరం మన దగ్గరా ఉంది. ఆ సీను బలం అదే. నటుడు చేయాల్సింది చాలా తక్కువ. సీసా వైపు ఒక చూపు, తండ్రి అడిగితే ఒక నంగి జవాబు. అరిస్తే, ఏడిస్తే పాత్ర చెడిపోతుంది. 28 ఏళ్ల రోచ్ ఆ తక్కువ చేయడం తెలిసిన మనిషి. ఆ ఒక్క చూపులో అరవై ఏళ్ల కథకు సరిపడా పెట్టుబడి ఉంది: చదువు వల్ల వీధికి పరాయివాడైన మనిషి, అయినా వీధి వదిలి పోలేని మనిషి. కెన్ తర్వాత టీచరయ్యాడు, స్థానిక పత్రికకు సంపాదకుడయ్యాడు, ఎన్నో ఉద్యోగాలు మారాడు. వీధి మాత్రం మారలేదు. బార్లో కుటుంబం మొదట ఉన్నది 3వ నంబరు ఇంట్లో. కెన్ ఎక్కువ ఏళ్లు గడిపింది పక్కనే ఉన్న 1వ నంబరులో.

ఆ ఎపిసోడ్ ప్రత్యక్ష ప్రసారం. శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు స్టూడియోలో నటిస్తుంటే అదే క్షణంలో ఇళ్లలో కనిపించింది. అది ముగియగానే, మేకప్ తుడుచుకోకుండానే, తర్వాతి బుధవారం ఎపిసోడ్‌ను టేపు మీద రికార్డు చేసేవారు. అరగంట స్లాటులో ప్రకటనలు పోను మిగిలేది పాతిక నిమిషాలకు కాస్త అటూ ఇటూ. నటీనటులు ఒక సెట్ నుంచి మరో సెట్‌కు పరుగెత్తడానికి, కోటు మార్చుకోవడానికి ఆ ప్రకటనల విరామమే దిక్కు. ఇళ్లన్నీ ఒకే స్టూడియోలో మూడు గోడల పెట్టెల్లా పక్కపక్కన ఉంటాయి. బరువైన కెమెరాలు వాటి ముందు జరుగుతుంటే వెనక లావుపాటి కేబుళ్లు ఈడ్చుకొస్తాయి. ఒక కెమెరా తన దారి తప్పితే కేబుల్ ఇంకో కెమెరా చక్రాల కింద పడుతుంది. నటుడు అరడుగు పక్కకు జరిగితే మైకు నీడ ముఖం మీద పడుతుంది. మాట మరిచిపోతే? అప్పటి బ్రిటిష్ స్టూడియోల్లో ప్రాంప్టర్ చేతిలో ఒక మీట ఉండేది. అది నొక్కితే ప్రసారంలో శబ్దం క్షణంపాటు ఆగిపోతుంది. ఆ సందులో మరిచిన మాట అందిస్తారు. చూసేవాళ్లు తమ టీవీకే ఏదో అయిందనుకుని దాని నెత్తిన ఒకటి వేసేవారు.

1961లో ప్రసారం సోమ, బుధవారాలకు మారింది. రెండు ఎపిసోడ్లూ ముందే రికార్డు చేయడం మొదలైంది. అంటే పని తేలికైందని కాదు. ఆనాటి వీడియో టేపు రెండంగుళాల వెడల్పు. ఎడిటింగ్ అంటే దాన్ని బ్లేడుతో కోసి అతికించడమే. కోసిన టేపు మళ్లీ వాడుకకు పనికిరాదు, టేపు ఖరీదు ఎక్కువ. కాబట్టి ప్రాణం మీదికొస్తే తప్ప ఆపేవారు కాదు. తలుపు తెరుచుకోకపోయినా, కప్పు జారినా నటుడు దాన్ని సీనులో కలుపుకుని పోవాలి. వారంలో మిగతా రోజులన్నీ రిహార్సల్. ఆ పాఠశాలలో తయారైన వాళ్లకు సీను అంటే మొదలూ చివరా ఉన్న ఒక ముక్క. ముక్కలు చేసి తర్వాత అతికించుకునే ముడిసరుకు కాదు.

హైదరాబాద్ డైలీ సీరియళ్ల పద్ధతితో పోల్చి చూస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. ఇక్కడ చాలా సెట్లలో అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన స్క్రిప్టు పట్టుకుని డైలాగు ముక్కలు ముక్కలుగా గట్టిగా చదువుతాడు, నటుడు వెనకే అంటాడు. ఆ గొంతు ఎలాగూ తీసేసి డబ్బింగ్‌లో వేరే గొంతు పెడతారు కాబట్టి ప్రాంప్టింగ్ ఎంత గట్టిగా ఉన్నా నష్టం లేదు. తెలుగు రాని కన్నడ, మలయాళ నటీనటులు తెలుగింటి కోడళ్లుగా ఏళ్ల తరబడి నెగ్గుకొస్తున్నది ఈ ఏర్పాటు వల్లే. నష్టం వేరేచోట ఉంది. ప్రాంప్టు వినడానికి నటుడు ప్రతి వాక్యం ముందూ లిప్తపాటు ఆగుతాడు. ఆ లిప్తలో కళ్లు ఎదుటి పాత్రను వదిలేస్తాయి, చెవి మాట కోసం వెతుకుతుంది. ఆ ఖాళీని కప్పడానికే ఎడిటింగ్‌లో చుట్టూ ఉన్న నలుగురి ముఖాల మీదకూ కెమెరా మూడేసిసార్లు దూకుతుంది, ఉరుము శబ్దంతో సహా. అది దర్శకుడి పిచ్చి అని నవ్వుకుంటాం కానీ సగం కారణం పని విధానం. వినడమే నటన అయిన కెన్ బార్లో లాంటి పాత్ర ఆ పద్ధతిలో పుట్టడం కష్టం.

పోయినవాళ్లు, ఉన్నవాళ్లు

సీరియల్ మొదలైన ఏడాదికే నటుల సంఘం ఈక్విటీ సమ్మెకు దిగింది. 1961 నవంబరు నుంచి 1962 ఏప్రిల్ దాకా కొత్త కాంట్రాక్టులు లేవు. అప్పటికే దీర్ఘకాలిక కాంట్రాక్టు ఉన్న 14 మందితోనే వీధి మొత్తం నడపాల్సి వచ్చింది. రోచ్ ఆ 14 మందిలో ఒకరు. కొట్లో సరుకులు కొనేవాళ్లు లేరు, పబ్బులో గ్లాసు పట్టుకుని నిలబడే జూనియర్ ఆర్టిస్టు లేడు. ఉన్నవాళ్లే తిరిగి తిరిగి ఒకరింటికి ఒకరు వెళ్లి మాట్లాడుకోవాలి. ఆ అయిదు నెలల్లో వాళ్ల ముఖాలు ప్రేక్షకుల ఇళ్లలో పాతుకుపోయాయి. రోచ్ సుదీర్ఘ ప్రస్థానానికి తొలి పునాది ప్రతిభ కన్నా ఒక కాగితం మీద సంతకం అనడం అతిశయోక్తి కాదు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ వెళ్లడం మొదలైంది. ఎల్సీ టానర్‌గా వెలిగిపోయిన పాట్ ఫీనిక్స్ 1973లో వదిలి వెళ్లి, 1976లో తిరిగొచ్చి, 1984లో శాశ్వతంగా వెళ్లిపోయారు. ఎల్సీ కొడుకు డెనిస్ పాత్రధారి ఫిలిప్ లౌరీ 1968లో వెళ్లి 2011లో, అంటే 43 ఏళ్ల తర్వాత, అదే పాత్రగా తిరిగొచ్చారు. పబ్బు యజమానురాలు ఆనీ వాకర్‌గా వేసిన డోరిస్ స్పీడ్ కథ విషాదం. ఆమె అసలు వయసు 84 అని 1983లో ఒక పత్రిక బయటపెట్టింది. అప్పటిదాకా చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను చాలా చిన్నదిగానే అనుకున్నారు. ఆమె మళ్లీ ఆ సెట్‌లో అడుగుపెట్టలేదు. రోచ్ కూడా వెళ్లిపోతే? వెళ్లలేదు, అంతే. వెళ్లాలనుకున్న ప్రతివాడికీ బయట సినిమా అవకాశాలు ఎదురుచూస్తూ ఉండవు. ఇరవై ఏళ్లు కెన్‌గా కనబడిన ముఖాన్ని ఇంకో పాత్రలో ఎవరు నమ్ముతారు? ప్రేమి విశ్వనాథ్‌ను తెలుగు జనం వంటలక్క అనే పిలుస్తారు, నిరుపమ్‌ను డాక్టర్ బాబు అని. అది అయిదారేళ్ల సీరియల్ చేసిన పని. పదింతల కాలం ఊహించుకోవచ్చు.

ఒక నటుడు వెళ్లిపోతే కథలో దారులు మూడు: ఊరు పంపడం, చంపడం, ముఖం మార్చడం. ఈ మూడింటి బరువూ కెన్ మీదే పడింది. తల్లి ఐడా 1961లో బస్సు కింద పడి పోయింది. తమ్ముడు డేవిడ్ ఆస్ట్రేలియాలో కారు ప్రమాదంలో పోయాడు. మొదటి భార్య వాలెరీగా వేసిన ఆన్ రీడ్ సీరియల్ వదిలేస్తానన్నారు. కాబట్టి 1971 మొదట్లో, కుటుంబం జమైకాకు ప్రయాణం కడుతున్న వేళ, హెయిర్ డ్రయ్యర్ పాడైన ప్లగ్గు షాకు కొట్టి వాలెరీ చనిపోయింది. ఇక్కడ సీరియల్ లెక్క ఒకటి గమనించాలి. చనిపోయే నటికి ఒక సీను, పూలగుత్తులు. మిగిలినవాడికి ఆరు నెలల పని. అంత్యక్రియలు, పిల్లల పెంపకం, తాగుడు, మళ్లీ పెళ్లి సంబంధం. రోచ్ పాత్ర పెరిగిన తీరు ఇదే. ఆయన కోసం రాసిన కథల కన్నా ఇతరులు వదిలిపెట్టి వెళ్లిన కథలే ఎక్కువ.

ముఖం మార్చడం ఇంకో తమాషా. కెన్ కొడుకు పీటర్‌గా చిన్నప్పటి నుంచీ చాలామంది వేశారు. 1973 నుంచి 1975 దాకా వేసింది రోచ్ సొంత కొడుకు లైనస్. పెద్దయ్యాక బాట్‌మన్ తండ్రిగానూ, 'వైకింగ్స్'లో రాజు ఎక్‌బర్ట్‌గానూ ప్రపంచమంతా చూసిన లైనస్ రోచ్ అతనే. కూతురు ట్రేసీ పాత్రకు నలుగురు మారారు. అందరి ముఖాలూ మారుతుంటే ప్రేక్షకుడికి ఇది అదే ఇల్లు అని గుర్తు చేసేది ఆ ఒక్క తండ్రి ముఖమే. నటుణ్ని మార్చలేని స్థితి అలా వస్తుంది. ఒప్పందం మాట్లాడుకునే బల్ల దగ్గర నటుడికి అంతకు మించిన బలం లేదు.

ఇంత పొడుగు కథలో ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి ఎవరు బావ అనేది గుర్తుంచుకోవడం ఒక ఉద్యోగమే. గ్రనాడా దానికోసం ఎరిక్ రోసర్ అనే చరిత్రకారుణ్ని పెట్టుకుంది. అభిమానిగా సొంత నోట్సు రాసుకుంటూ వచ్చిన మనిషాయన. అలా దాచిన జ్ఞాపకం ఎంత విలువైనదో 2010లో తేలింది. మొదటి ఎపిసోడ్‌లో సైకిల్ పక్కన కూర్చున్న సూసన్ కన్నింగ్‌హామ్ గుర్తుందా? కెన్ వల్ల ఆమెకు ఒక కొడుకు పుట్టాడనీ, అది కెన్‌కే తెలియదనీ యాభై ఏళ్ల తర్వాత కథ అల్లారు. ఆ కొడుకుగా లైనస్ రోచ్, మనవడిగా విలియం రోచ్ చిన్న కొడుకు జేమ్స్. ముగ్గురి ముక్కులూ ఒక్కటే కాబట్టి మేకప్ వాళ్లకు పని తప్పింది.

అప్పు వసూలైన రోజు

కెన్ 'బోరు' అన్నవాళ్లు 1983 ఫిబ్రవరిని మరిచిపోతారు. కెన్ 1981 జులై 27న డీర్‌డ్రీని పెళ్లి చేసుకున్నాడు. అది చార్లెస్, డయానాల పెళ్లికి రెండు రోజుల ముందు. డీర్‌డ్రీగా వేసింది ఆన్ కిర్క్‌బ్రైడ్. రెండేళ్లు తిరక్కుండానే, ఫ్యాక్టరీ యజమాని మైక్ బాల్డ్విన్‌తో (జానీ బ్రిగ్స్) ఆమె సంబంధం బయటపడింది. ఎవరితో ఉంటుందన్నది దేశమంతటికీ పందెం అయింది. తేలిన రాత్రి మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతున్న ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో స్కోర్‌బోర్డు మీద కెన్, డీర్‌డ్రీ మళ్లీ కలిసిపోయారని వేశారు.

ఆ కథలో ఇంటి గుమ్మం దగ్గర సీను ఒకటుంది. మైక్ తలుపు కొడతాడు. భార్య తలుపు తీసి అతనితో మాట్లాడుతుంటే కెన్ వెనకనుంచి వస్తాడు, మైక్ ముఖం మీదే తలుపు వేస్తాడు, భార్యను తలుపుకేసి నొక్కిపట్టి అరుస్తాడు. ఇదే సీను రోజూ అరిచే పాత్రకు రాసి ఉంటే ఇంకో గొడవగా పోయేది. ఇరవై రెండేళ్లు గొంతు లేపని మనిషి కాబట్టి ప్రేక్షకులు ఉలిక్కిపడ్డారు. నటుడు ఏళ్ల తరబడి దాచుకున్న నిదానాన్ని రచయితలు ఒక్క పూటలో ఖర్చు పెట్టారు. అలా ఖర్చు పెట్టే హక్కు దశాబ్దానికోసారి మాత్రమే ఉంటుంది. ప్రతి శుక్రవారం క్లైమాక్సు కావాలనే సీరియళ్లకు అది అర్థం కాదు. మైక్, కెన్ పగ 2006 దాకా సాగింది. మతిమరుపు జబ్బుతో వీధిలో కుప్పకూలిన మైక్ చివరికి కెన్ చేతుల్లోనే ప్రాణం విడిచాడు. శత్రువును అంతకాలం పోషించుకోవాలంటే ఇద్దరు నటులూ అన్నేళ్లు ఉండాలి కదా.

ఇక ఆ కోర్టు లెక్క. ఇంగ్లండ్ న్యాయస్థానాల్లో అప్పటి ఏర్పాటు ఇలా ఉండేది. ప్రతివాది, 'ఇంతకు తేల్చుకుందాం' అని కొంత డబ్బు కోర్టులో జమ చేయవచ్చు. ఫిర్యాది తీసుకుంటే కేసు ముగిసింది. తీసుకోకపోతే విచారణ నడుస్తుంది. కానీ ఎంత జమ అయిందో జ్యూరీకి చెప్పరు. జ్యూరీ ఇచ్చిన మొత్తం ఆ జమను మించకపోతే, జమ అయిన నాటి నుంచి రెండు పక్షాల లాయర్ల ఖర్చూ ఫిర్యాది నెత్తిన పడుతుంది. పత్రిక జమ చేసింది 50,000 పౌండ్లు. జ్యూరీ ఇచ్చిందీ, ఏ చిత్రమో, సరిగ్గా 50,000. ఒక్క పౌండు ఎక్కువ ఇచ్చి ఉంటే కథ మారిపోయేది. ఆ రాతలు మళ్లీ రాయకూడదన్న నిషేధాజ్ఞ కూడా దొరికింది కనుక రోచే గెలిచినట్టని విచారణ జడ్జి ఖర్చులు పత్రిక మీద వేశారు. 1992లో అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది: అసలు పోరు డబ్బు గురించే, ఆ డబ్బు ముందే బల్ల మీద ఉంది. రోచ్ తర్వాత తన లాయర్ల మీదే నిర్లక్ష్యం కేసు వేశారు. అదీ పోయింది. దివాలా అక్కడ మొదలైంది.

నిజానికి ఆ వ్యాసంలో తోటివారు ఏవగించుకుంటారన్న మాట పరువు నష్టమే. కానీ 'బోరు' అన్న ముక్క? అది పాత్రకు సంబంధించినంత వరకు ఉద్యోగ వివరణ. హాస్య జంటలో ఒకడు నవ్విస్తాడు, రెండోవాడు ముఖం గంటు పెట్టుకుని నిలబడతాడు. రెండోవాడు లేకపోతే మొదటివాడి జోకు పేలదు. కెన్ ముప్పై ఏళ్లుగా చేస్తున్నది ఆ రెండోవాడి పని. తెర మీది మనిషినీ ఇంట్లో మనిషినీ కలిపేసి తిట్టినప్పుడు నటుడికి మండటం సహజం. ఆ మంటకు చెల్లించిన ధర మాత్రం చాలా పెద్దది.

వయసు, వేగం

1989 దాకా వారానికి రెండు ఎపిసోడ్లు. ఆ ఏడాది మూడోది వచ్చింది, 1996లో నాలుగోది, 2002లో అయిదోది, 2017లో ఆరోది. నటుడి కోణంలో ఈ అంకెల అర్థం ఒక్కటే: రిహార్సల్ పోయింది. ఒకే రోజు రెండు మూడు యూనిట్లు వేర్వేరు దర్శకులతో షూట్ చేస్తాయి. పొద్దున కొడుకు చనిపోయిన తర్వాతి సీను, మధ్యాహ్నం అదే కొడుకుతో పోట్లాట. అనుభవం ఉన్నవాళ్లు స్క్రిప్టు చేతికి రాగానే డైలాగు బట్టీ పట్టరు. ముందు తమ సీన్లన్నీ కథ వరసలో పేర్చుకుని, ప్రతి సీను తలమీద రెండు ముక్కలు రాసుకుంటారు: దీనికి ముందు నాకేం తెలుసు, ఇందులో నాకేం తెలుస్తుంది. అది చేయని కొత్తవాళ్లు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. ఇంకా తెలియని రహస్యం తెలిసినట్టు ముఖం పెడతారు.

పెద్ద వయసు నటుడితో సీరియల్ నడిపేవాళ్ల జాగ్రత్తలు వేరు. సీన్లన్నీ వారంలో ఒకటి రెండు రోజులకే సర్దడం, నిలబడి మాట్లాడే చోట కుర్చీ, టీ కప్పు పెట్టడం, పొడుగు డైలాగును అవతలి పాత్రతో విడగొట్టించడం. వీటిలో ఏదీ ప్రేక్షకుడికి కనబడకూడదు. అందుకు పనికొచ్చేది మళ్లీ ఆ పాత గుణమే. కూర్చుని వినే పాత్రకు కుర్చీ సహజంగా అమరుతుంది.

అన్నీ అమరిన చోట కూడా ఖాళీలు వస్తాయి. 2013లో రోచ్ మీద పాతకాలపు లైంగిక నేరాల ఆరోపణలు మోపారు. సీరియల్ నుంచి ఆయన్ని పక్కన పెట్టి, కెన్ కెనడా వెళ్లాడని కథలో చెప్పారు. చంపలేదు, ముఖం మార్చలేదు. 2014 ఫిబ్రవరి 6న ప్రెస్టన్ క్రౌన్ కోర్టు జ్యూరీ అన్ని ఆరోపణల్లోనూ నిర్దోషి అని తేల్చింది. ఆగస్టులో కెన్ ఇంటికి తిరిగొచ్చాడు. కానీ ఆ కలయిక ఎక్కువ కాలం నిలవలేదు. ఆన్ కిర్క్‌బ్రైడ్ అనారోగ్యంతో సెలవు పెట్టి 2015 జనవరి 19న కన్నుమూశారు. సీరియల్ కథలో డీర్‌డ్రీ చావును ఆరు నెలలు వాయిదా వేసింది. జులైలో, డీర్‌డ్రీ అరవయ్యో పుట్టినరోజు కోసం ఇల్లంతా అలంకరించి జనం ఎదురుచూస్తుంటే, ఆమె ఇక రాదని చెప్పడానికి ఒక స్నేహితురాలు గుమ్మంలోకి వస్తుంది. రోచ్ ముందున్న పని ఏమిటంటే, 83 ఏళ్ల వయసులో, మూడు దశాబ్దాల కిందట తెర మీద భార్యగా వచ్చిన మనిషి నిజంగా పోయాక, కొత్తగా అప్పుడే తెలిసినట్టు నటించడం. ఆ సీన్లోనూ ఆయన చేసింది తక్కువే.

రికార్డు సంగతి చివరికి. ఒకే పాత్రలో అత్యధిక కాలం కొనసాగిన సీరియల్ నటుడిగా రోచ్ పేరు గిన్నిస్ పుస్తకంలోకెక్కింది 2010లో. అంతకు ముందు ఆ రికార్డు అమెరికన్ నటుడు డాన్ హేస్టింగ్స్‌ది. 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' సీరియల్లో బాబ్ హ్యూజ్ పాత్రలో ఆయన చేరింది 1960 అక్టోబరులో, రోచ్ కన్నా రెండు నెలల ముందు. ఆయన మానేయలేదు, జబ్బు పడలేదు, ముఖం మార్చలేదు. సీబీఎస్ చానల్ ఆ సీరియల్నే ఆపేసింది. ఆఖరి ఎపిసోడ్ 2010 సెప్టెంబరు 17న ప్రసారమైంది, దాన్ని ముగించింది బాబ్ హ్యూజే.